చెల్లె పేరు మీద నా సీసా

మా చెల్లెలంటే నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు బరువు తగ్గుతుంది, చదివేవాళ్ళకు అనుమానం ఉండదు. పెద్దవయసులో పాత సంగతులు రాసుకునేవాళ్ళు తోబుట్టువుల మీద ప్రేమ పొంగిపొర్లినట్టు రాస్తుంటారు. వాళ్ళకు పొంగిందేమో, నాకు తెలియదు. నాకు మాత్రం దాని పేరు వింటేనే కడుపులో భగ్గుమనేది.

కారణం లేకుండా కాదు. అది నాకన్నా పదేళ్ళు చిన్న. నాకు పదకొండేళ్ళప్పుడు దాన్ని చంకనేసుకుని తిరుగుతుంటే, నా చెవికమ్మ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చెవి తమ్మె రెండు ముక్కలైంది. నేను నెత్తురు కారుతూ ఏడుస్తుంటే, మా అవ్వ పరుగెత్తుకొచ్చి ముందు దాన్ని ఎత్తుకుంది, అది జడుసుకుందని. తర్వాత నా చెవికి పసుపు అద్ది, “పెండ్లినాటికి అతుక్కుంటది తియ్యి” అంది. అతుక్కోలేదు. నా పెళ్ళిలో ఆ పక్క జుట్టు కిందికి దువ్వి పీటల మీద కూర్చోబెట్టారు. అప్పటినుంచి నా జుట్టు ఎప్పుడూ చెవి మీదికే.

అక్కడితో ఆగితే బాగుండేది. నా పెళ్ళైన తొమ్మిదేళ్ళకు దాన్ని తెచ్చి నా మరిదికే ఇచ్చారు. చెల్లెలే యారాలై, తోడికోడలై నా ఇంటికొచ్చింది. మా ఊరు హుస్నాబాద్‌కు నాలుగు కోసుల దూరం. మా ఆయన మందమర్రి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. క్వార్టర్ దొరకలేదని నన్ను తీసుకుపోలేదు. నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చి, రెండు పూటలు తిని, బట్టలు ఉతికించుకుని పోయేవాడు. మరిది వ్యవసాయం చూసుకుంటూ ఇంట్లోనే ఉండేవాడు. అంగడికి పోతే పెళ్ళానికి పూలు తెచ్చేవాడు. అది వంచిన తల ఎత్తకుండా ఆ పూలలో సగం తెంపి నాకిచ్చేది. ఆ సగం పూలు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

నైజాం పోయి, మేము ఆంధ్రప్రదేశ్‌లో కలిసి కొన్నేళ్ళయిన రోజులవి. ఒకనాడు మా చెల్లె గడ్డిమోపు దించుతుంటే తాడు కమ్మకు తట్టుకుని దాని చెవి కూడా తెగింది. నిజం చెబుతున్నాను, అది చెవి పట్టుకుని కూర్చుంటే నేను పసుపు తెచ్చి అద్దుతూ, ‘ఇప్పుడు తెలిసిందా?’ అనుకున్నాను. పైకి మాత్రం “అయ్యో, అయ్యో” అన్నాను.

దానికి పసుపుతో సరిపెట్టలేదు. మరిది నెల రోజులు పరేషాన్ అయ్యాడు. కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ తెగిన చెవులు కుడుతుందని ఎవరో చెబితే ఎగిరి గంతేశాడు. మా అత్త కూడా, “చిన్నదాని మొకం కళ తప్పింది, కుట్టియ్యిరా కొడుకా” అంది. పదిహేనేళ్ళుగా అదే ఇంట్లో తెగిన చెవితో నేను తిరుగుతున్నాను. ఒక్కరి కంటికీ ఆనలేదు.

తోడుగా నన్ను రమ్మన్నారు. ఆ పొద్దున నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు. జుట్టంతా వెనక్కి లాగి బిగించి ముడి వేసుకున్నాను. డాక్టరమ్మ కంట్లో నా చెవి పడాలని. ఆవిడే చూసి, “నీదీ కుడతాను” అంటుందేమోనని. బస్సులో దారంతా ఆ ఒక్క ఆశతోనే కూర్చున్నాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్ళద్దాలు. మా చెల్లె చెవి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ప్రాణానికి సంబంధించింది కాదు, అందానికి చేసే చిన్న పని. సూదిమందు వేసి పావుగంటలో కుట్టేస్తాను” అంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

“ఈమెది కూడా తెగింది కదా! ఇద్దరికీ కలిపి కుట్టొచ్చు.”

మా అత్త చెయ్యి ఊపేసింది. “దానిది పాతదమ్మా. పెనిమిటి ఊర్లె ఉండడు, దాన్నిప్పుడు ఎవలు చూశెటోళ్లున్నరు? ఉండనియ్యండి.”

నేను నవ్వాను. అక్కడ నవ్వకపోతే ఏడ్చేదాన్ని. బయటికొచ్చి ముడి విప్పి, జుట్టు మళ్ళీ చెవి మీదికి వేసుకున్నాను.

కుట్టే ముందు పరీక్షలు చేయాలంది డాక్టరమ్మ. చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. పరీక్షల గదిలో ఒకాయన మా చెల్లె వేలు పొడిచి, గడియారం చూస్తూ, నెత్తురు చుక్క మీద అద్దుడు కాగితం ఆనిస్తూ తీస్తూ ఉన్నాడు, నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో అని. మరిది కిటికీలోంచి చూస్తూ, వేలు తనదే అన్నట్టు మొహం పెట్టాడు. అన్నీ బాగున్నాయన్నారు. ఆఖరికి ఆయన ఒక ఖాళీ మందుసీసా ఇచ్చి, మూత్రం పట్టి తెమ్మన్నాడు. సీసా మీద మా చెల్లె పేరు చీటీ అంటించాడు.

మా అత్త నోరు తెరిచింది. “చెవి కుట్టుడుకు ఉచ్చతోని ఏం పనయ్యా? గిదేం చోద్యం!”

“చక్కెర ఉంటే పుండు మానదమ్మా” అన్నాడాయన.

దొడ్డి ఆవరణ వెనక ఉంది. ఇద్దరం వెళ్ళాం. గోడ చాటుకు పోగానే మా చెల్లె నా చెయ్యి పట్టుకుంది. దాని మొహం పాలిపోయి ఉంది.

“అక్కా, నేను ముట్టున్న. పొద్దుగాలనే అయింది.”

“మరి చెప్పవేందే! ముట్టుతోని బస్సెక్కి అత్త పక్కన కూసున్నవా?”

“చెప్తే రానియ్యదు గదా. ఆయన ఇన్ని రోజుల సంది ఎదురుచూస్తుండు. ఇప్పుడు సీసల పడితే నెత్తురొస్తది. గా మొగాయనకు ఎట్లియ్యాలె? నువ్వు పట్టియ్యి అక్కా, నీ కాళ్ళు మొక్కుత. ఉచ్చ ఎవలదైతే ఏంది?”

ఎవరిదైతే ఏమిటని నేనూ అనుకున్నాను. ఉచ్చకూ ఉచ్చకూ తేడా ఉంటుందని మాకేం తెలుసు? పూలు సగం, చీర సగం, పుట్టిల్లు మొత్తం దానికే పోయాయి, ఇక ఇది కూడా నా దగ్గరే కావాల్సి వచ్చిందా అని తిట్టుకుంటూనే సీసా నింపి దాని చేతిలో పెట్టాను.

ఆయన ఆ సీసాలోది కొన్ని చుక్కలు ఒక గాజుగొట్టంలోని నీలం మందులో వేసి, స్పిరిట్ దీపం మీద కాగబెట్టాడు. మేము కిటికీ దగ్గరే నిలబడ్డాం. నీలం పచ్చగా అయింది. పచ్చ పసుపుకు తిరిగింది. చూస్తుండగానే ఇటుకరంగు ముద్దలా దిగింది. ఆయన గొట్టం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు.

“ఈ అమ్మాయికి చక్కెర వ్యాధి ఉంది” అంది డాక్టరమ్మ. “ఇప్పుడు కుట్టను. మూడు నెలలు మందు, పథ్యం. తర్వాత మళ్ళీ పరీక్ష చేసి చూద్దాం.”

మా అత్త నెత్తి కొట్టుకుంది. మరిది గోడకు ఆనుకున్నాడు. నాకేమైందో దాచకుండా చెబుతాను. సంబరమైంది. చల్లటి మజ్జిగ తాగినట్టు కడుపంతా హాయిగా అయింది. దానికీ కుట్టరు. రెండు తెగిన చెవులు ఒకే ఇంట్లో తిరుగుతాయి, చాలు.

ఆ సంబరం ఎంతసేపు? మా చెల్లె తల తిప్పి నా వైపు చూసింది. అప్పుడు వెలిగింది నాకు, ఆ సీసా నాదని.

డాక్టరమ్మ దాన్నే అడుగుతోంది. “దాహం బాగా వేస్తుందా? రాత్రిళ్ళు లేస్తావా?”

ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. అది నా వైపే చూస్తూ చెప్పింది. “దూప మస్తు అయితదమ్మా. మంచం కింద చెంబు పెట్టుకుంట, తెల్లారేసరికి చెంబు ఖాళీ. రెండుమూడు సార్లు లేస్త. ఎండకాలం సంది కాళ్ళు మంటలంటయి.”

అవన్నీ నావి. చెంబు నాది, మంటలు నావి. నేను ఎవరితోనూ అనలేదు. అది ఎప్పుడు చూసిందో, ఎలా లెక్క పెట్టుకుందో నాకు తెలియదు. డాక్టరమ్మ తలూపుతూ చీటీ రాసింది.

ఊరు చేరాక, నీళ్ళకు పోయి బాయి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు నిలదీశాను. “ఎందుకు చెప్పలేదే?”

“చెప్తే నా ముట్టు ముచ్చట బయటపడ్తది, అత్త నన్ను సంపుతది. అదొక్కటే కాదక్కా. రోగమని తెలిస్తే నిన్ను ఎవలు చూస్తరు? బావ ఊర్లె లేకపాయె. నాకైతే ఆయన ఉన్నడు. మందు నా పేరు మీద వస్తది, నువ్వు మింగు. ఎవ్వరికీ తెల్వది.”

ఎంత మంచి మాట! నా ఒంటి మీద కారం చల్లినట్టయింది. నాకైతే ఆయన ఉన్నాడట. నిన్ను ఎవరు చూస్తారట. అత్త డాక్టరమ్మ దగ్గర అన్న మాటే ఇదీ అంది, కాస్త నెయ్యి రాసి. అయినా బతకాలి కదా. మాత్రలు మింగుతానన్నాను.

ఆ మూడు నెలలు నేను పడ్డ మంట ఆ రోగం కూడా పెట్టలేదు. మరిది పని మానుకుని కరీంనగర్ పోయి మాత్రలు తెచ్చేవాడు. అది వంటింట్లో కొంగుముడి విప్పి నా నోట్లో వేసేది. అందరి ముందూ జొన్నరొట్టె, కాకరకాయ తినేది. నాకు చాటుగా అవే పెట్టేది. నా గిన్నెలో పైపైన నాలుగు మెతుకులు చల్లి, కింద రొట్టె దాచేది. ఇష్టమైన బెల్లం మానేసింది, అన్నం మానేసింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి, “అయ్యో బిడ్డా, గీ చిన్న వయసుల నీకే రావాల్నా?” అని దాని గడ్డం పుణికేవాళ్ళు. ఒకామె నేరేడు గింజల పొడి తెచ్చింది. ఇంకొకామె తంగేడు పూలు ఎండబెట్టి తెచ్చింది. మా అత్త దిష్టి తీసింది. రోగం నాది, ముద్దుమురిపాలు దానివి. పైగా పథ్యానికి సన్నబడి మునుపటికన్నా అందంగా తయారైంది. నా ఏడుపు ఎవరికి చెప్పుకోను?

నడుమ ఒకసారి మా ఆయన వచ్చాడు. సంగతి విని, అన్నం తింటూ నాతో అన్నాడు. “మరదలు జర పైలం. బాయి నీళ్ళు దానితోని తోడియ్యకు. నువ్వే తోడు.”

మర్నాటి నుంచి నీళ్ళు నేనే తోడాను. కాళ్ళు మంటలెత్తుతుంటే బిందె మీద బిందె తెచ్చి దాని స్నానానికి పోశాను. అది వద్దని బతిమాలేది. “ఊకో! రోగమున్నదానివి, కూసో” అని మరిది వినేటట్టు గట్టిగా అనేదాన్ని. అది గుడ్ల నీళ్ళు కుక్కుకునేది. ఆ కన్నీళ్ళు చూస్తే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేది. అంత పాపిష్టిదాన్ని.

మూడు నెలలకు మళ్ళీ కరీంనగర్ వెళ్ళాం. ఈసారి అది తనదే పట్టి ఇచ్చింది. నీలం నీలంగానే ఉండిపోయింది. ఎంత కాచినా మారలేదు. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి, “ఇంత చక్కగా పథ్యం చేసినవాళ్ళను నేను చూడలేదు. పట్టుదల అంటే ఇదీ” అని దాని భుజం తట్టింది. వరండాలో కూర్చున్న రోగులంతా చూస్తున్నారు. జీవితంలో ఎవరినీ మెచ్చుకోని మా అత్త దాని నెత్తి నిమిరి, “నా బిడ్డ బంగారం” అంది. మరిది కళ్ళు తుడుచుకున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. మాత్రలు మింగింది నేను. కాకరకాయ చేదు నా నోటిది. ఆ పొగడ్త కూడా దానికేనా?

“అది నా ఉచ్చ!” అన్నాను. అన్నానా? అరిచాను. “గప్పుడు ఇచ్చింది నాది. రోగం నాది, దానికి ఏ రోగం లేదు. అది ముట్టున్నదని నన్ను పట్టియ్యమన్నది. ముట్టుతోనే బస్సెక్కి వచ్చింది!”

ఆ చివరి మాట అనవసరం. రోగం నాదని చెబితే చాలు, దాని గుట్టు విప్పాల్సిన పని లేదు. తెలిసే విప్పాను.

మా అత్త దాని నెత్తి మీద పెట్టిన చెయ్యి చటుక్కున తీసుకుంది. “ముట్టుతోని నా పక్కన కూసుండి, ఇంటికొచ్చి దీపం ముట్టిచ్చినవానే?” అని మొదలుపెట్టింది. డాక్టరమ్మ గద్దించేదాకా ఆగలేదు. మరిది దాని వైపు చూడలేదు. నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఎవరీమె అన్నట్టుంది.

డాక్టరమ్మ నాకూ పరీక్ష చేయించింది. లేతపచ్చ దగ్గర ఆగింది. “బాగా తగ్గింది. మందు మానకు. ఇలాగే ఉంటే తర్వాత నీ చెవి కూడా చూద్దాం” అంది. మా అత్త వినిపించుకోలేదు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే మా చెల్లె చెవి కుట్టారు.

నేను ఏమనుకున్నానంటే, రోగం నాదని తెలిశాక ఆ ముద్దుమురిపాలన్నీ నా వైపు తిరుగుతాయని. ఊళ్ళోవాళ్ళు నా గడ్డం పుణుకుతారని, మా ఆయన నీళ్ళు తోడొద్దంటాడని. ఒక్కటీ జరగలేదు. ఒక్క మనిషి రాలేదు. మా ఆయన వచ్చి, “తిండి జర చూసుకో” అని బట్టల మూట నా ముందు పడేశాడు. మా అత్త చిన్నకోడలిని నెల రోజులు వంటింటి గడప తొక్కనివ్వలేదు. అదేమో వసారాలో వేరే పొయ్యి పెట్టుకుని, చెవికి పట్టీతో కూర్చుని నాకు జొన్నరొట్టె చేసి పంపేది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకే ఒక్కసారి అడిగింది. “చెప్తే చెప్పినవ్ గని, ముట్టు ముచ్చట ఎందుకు చెప్పినవక్కా?” నేను రొట్టె నములుతూ గోడ వైపు చూశాను.

కుట్లు విప్పే రోజుకు అత్త రానంది. మరిదికి విత్తనాల పని. నన్నే తోడు పంపారు. డాక్టరమ్మ కుట్లు తీసి, దూదితో తుడిచి, “పుట్టినప్పటి చెవిలా వచ్చింది” అంది. చిన్న చేతి అద్దం ఇచ్చింది. అది ఎంత మెడ తిప్పినా చెవి వెనకభాగం దానికి కనబడదు. అద్దం పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“డాక్టరమ్మ అట్లనే అంటది. నువ్వు చెప్పు అక్కా. నువ్వు చెప్తెనే నమ్ముత. ఎట్లున్నది?”

దగ్గరికి వంగి చూశాను. లేత తమ్మె. కిటికీ వెలుగులో ఎర్రగా మెరుస్తోంది.

“జర వంకర వచ్చింది” అన్నాను.

దాని చెయ్యి మెల్లగా చెవి మీదికి పోయింది. “అవునా” అంది, అంతే. బస్సులో ఆ చెవి కిటికీ వైపు పెట్టుకుని కూర్చుంది. మరిది ఎన్నిసార్లు బాగుందన్నా నమ్మలేదు. “నా మనసు కష్టపడొద్దని అంటున్నడులే” అనేది. దాని బిడ్డ పెళ్ళిలో ఫోటో తీసేటప్పుడు, ఫోటోగ్రాఫరు ఎంత చెప్పినా నేరుగా నిలబడలేదు. ఆ ఫోటో నా దగ్గరుంది. అందరూ ముందుకు చూస్తున్నారు, అదొక్కతే పక్కకు తిరిగి ఉంది.

అది పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా మా ఇద్దరి మధ్య ఎన్నో మాటలు నడిచాయి. ఆ చెవి అసలు వంకరే రాలేదన్న మాట మాత్రం నేను దానికి చెప్పలేదు.